ఆ రెమ్మను పక్కకు లాగి కట్టింది నేనే

పక్షి ఫొటోల పోటీలు నడిపేవారికి, వాటికి జడ్జీలుగా కూర్చునేవారికి,

నమస్కారం.

కొన్నేళ్ల కిందట ఒక పోటీలో నా ఫొటోకి బహుమతి వచ్చింది. ఏ పోటీ అన్నది ఇక్కడ అనవసరం, ఎందుకంటే తప్పు వాళ్లది కాదు. ఫొటోలో ఒక పికిలిపిట్ట గూటి అంచున నిలబడి, రెక్కలు సగం విప్పి, నోరు తెరుచుకుని ఉంటుంది. దాని నీడలో మూడు పిల్లలు. పక్క నుంచి పడ్డ ఎండ రెక్క అంచున సన్నటి బంగారు గీత గీసి ఉంటుంది. జడ్జీలు దాన్ని మాతృప్రేమ అన్నారు. నేను స్టేజీ ఎక్కి, మెడలో పతకం వేయించుకుని, దిగి వచ్చేశాను.

ఆ పిట్ట అలా ఎందుకు నిలబడిందో అక్కడున్న వాళ్లలో నాకొక్కడికే తెలుసు. పికిలిపిట్ట పొదలో ఆకుల చాటు చూసుకుని గూడు కడుతుంది. నేను చూసేసరికి గూటి మీద ఒక ఆకుల రెమ్మ గొడుగు పట్టినట్టు ఉంది. కెమెరాకి అడ్డం. విరిచేస్తే పాపమనిపించింది. అందుకని చాలా పెద్దమనిషిలా తెల్లదారం తీసి, రెమ్మను పక్కకు లాగి ఇంకో కొమ్మకు కట్టాను. పని అయ్యాక విప్పేద్దామనే. ఎనిమిదిన్నర దాటేసరికి ఎండ నేరుగా గూట్లో పడింది. అప్పటిదాకా పురుగులు తెచ్చి పెడుతున్న తల్లి తేవడం మానేసి గూటి మీద నిలబడిపోయింది. నోరు తెరిచింది కూయడానికి కాదు, వేడి తట్టుకోలేక. పక్షికి చెమట పట్టదు, ఎక్కువగా రొప్పుతూనే ఒంట్లో వేడిని బయటికి పంపాలి. నేను మాత్రం లోపల ఎగిరి గంతేస్తూ షట్టర్ నొక్కుతూనే ఉన్నాను. నలభై నిమిషాలు.

పిల్లలు బతికాయి. నాలుగు రోజుల తర్వాత మూడూ గూటి అంచు మీద వరసగా కూర్చుని ఉండగా దూరం నుంచి చూశాను. అందులో నా గొప్పేమీ లేదు.

ఈ సంగతి ఒప్పుకోవడమే పనైతే నిర్వాహకులకు విడిగా ఉత్తరం రాసేవాణ్ణి, అది వేరేగా రాశాను కూడా. మీ అందరికీ ఈ లేఖ ఎందుకంటే, ఆ దారం కట్టే బుద్ధి నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత చాలా రోజులు ఆలోచించాను. మీ పోటీల్లో గెలిచిన ఫొటోలు చూసి చూసి వచ్చింది. పక్షి ఫ్రేము నిండా ఉండాలి, ఈక ఈకా లెక్కపెట్టగలగాలి, వెనక అంతా వెన్నలా నున్నగా ఉండాలి, నాయిస్, అంటే వెలుగు చాలనప్పుడు ఫొటోలో కనిపించే గింజలు, ఒక్కటి కూడా కనపడకూడదు. సహజమైన వెలుగులో ఇవన్నీ ఒక్కచోట కుదిరేది ఏడాదిలో ఎన్ని గంటలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతా రోజుల్లో వాటిని కుదిర్చేది ఫ్లాష్, గూటి దగ్గర కత్తెర, రాయి మీద వేసిన మేత, ఫోన్లో మోగించే మగపిట్ట కూత. మీరు అడిగేది మారితే మేం పంపేది మారుతుంది. పక్షి మీద పడ్డ వెలుగు ఏ పూటది, ఏ కాలానిది అన్నదానికి మార్కులు వేయండి. నేను అడగదలుచుకున్నది అదే.

వెలుగు అనగానే కవిత్వం అనుకోకండి. లెక్క ఉన్న విషయమే. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు కిరణాలు గాలిలో చాలా దూరం నడిచి రావాలి. దారిలో నీలం చెదిరిపోయి పసుపు, ఎరుపు మిగులుతాయి. పక్క నుంచి వచ్చే వెలుగు కాబట్టి పిట్ట కంట్లో ఒక చుక్క మెరుస్తుంది, పొట్ట కింది ఈకలు కూడా కనిపిస్తాయి. ఎండ ముదిరితే ఆ సూర్యుడే నడినెత్తికి వస్తాడు. ముక్కు నీడ గొంతు మీద, రెక్క నీడ పొట్ట మీద, కన్ను నల్లటి గుంట. ఇక ఫ్లాష్ సంగతి. దాని వెలుగు దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే పిట్ట మీద పట్టపగలు, వెనక చెట్ల మీద అర్ధరాత్రి. ఆ పిట్ట ఎక్కడ ఉందో, అది ఏ నెలో, ఎన్ని గంటలో చెప్పే ఒక్క గుర్తు కూడా ఆ ఫొటోలో మిగలదు. అంత ఖరీదైన లెన్స్‌తో తీసింది చివరికి గుర్తింపు కార్డు మీద ఫొటోలా ఉంటుంది.

రంగుల సంగతీ అంతే. లకుముకిపిట్ట వీపు మీది నీలం పూసిన రంగు కాదు. ఈక లోపలి సన్నటి అల్లికలో వెలుగు చెదరడం వల్ల కనిపించే నీలం. ఆ ఈకను నూరితే నీలం పొడి రాదు. మగ తేనెపిట్ట ఇంకా మాయలమారి. వెలుగు మన వీపు వెనక నుంచి పడితే ఊదా, నీలం, ఆకుపచ్చ మెరుపులు. తల కాస్త తిప్పిందా, బొగ్గుముక్క. నేను ఒక తేనెపిట్టను వరసగా మూడు పొద్దులు నల్లగానే తీశాను. నాలుగో రోజు నిలబడే చోటు పది అడుగులు జరిపాను, అంతే, గొంతు దగ్గర నిప్పు రాజుకున్నట్టు మెరిసింది. ఆ మూడు రోజుల నల్లటి ఫొటోలు ఇప్పటికీ దాచుకున్నాను. అవీ తేనెపిట్టవే కదా.

కాలాల దగ్గరికి వస్తాను, అసలు గొడవ అక్కడే ఉంది.

వానలకు ముందు మగ గిజిగాడి తల మీద పసుపు టోపీ వస్తుంది. గూడు అల్లుతూ, తలకిందులుగా వేలాడుతూ, రెక్కలు టపటపలాడిస్తూ ఆడపిట్టను పిలుస్తాడు. గూళ్ల కాలం అయిపోయాక ఆ పసుపు ఈకలు రాలిపోతాయి. ఇక పిచ్చుకల గుంపులో కూర్చుంటే ఏది పిచ్చుకో ఏది గిజిగాడో పోల్చుకోవడానికి బుర్ర గోక్కోవాలి. మీ ముందుకు పసుపు గిజిగాడు వందల సార్లు వచ్చి ఉంటాడు. మిగిలిన నెలల గిజిగాడిని ఎవరైనా పంపారా? పంపితే మొదటి రౌండు దాటాడా? కొంగలదీ ఇదే కథ. పశువుల వెంట తిరిగే తెల్లకొంగకు జతకట్టే కాలంలో తల, మెడ, వీపు నారింజరంగుకు తిరుగుతాయి, ముక్కు కూడా ఎర్రబడుతుంది. ఇంకొన్ని తెల్లకొంగలకు వీపు మీద గాలికి ఊగే కుచ్చు ఈకలు మొలుస్తాయి. ఏడాది పొడవునా అదే చెరువు గట్టున అదే కొంగను తీస్తే నాలుగు పక్షుల్ని తీసినట్టు ఉంటుంది. పోటీలు మాత్రం పెళ్లిబట్టల్లో ఉన్న పక్షినే చూస్తాయి.

చాలా రకాల బాతులు పిల్లల కాలం ముగిశాక రెక్కల్లోని ఎగిరే ఈకలన్నీ ఒక్కసారే రాల్చేసుకుంటాయి. కొత్తవి వచ్చేదాకా కొన్ని వారాలు ఎగరలేవు. రెల్లు చాటున నక్కి ఉంటాయి. ఆ వారాల్లో పడవ వేసుకుని వాటి వెంట పడేవాళ్లు ఉన్నారు, దగ్గరగా దొరుకుతాయని. నిజంగానే దొరుకుతాయి, పారిపోలేవు కాబట్టి. ఫొటో పక్కన తేదీ ఉండి, దాన్ని చదవగలిగిన జడ్జీ ఒక్కరు ఉంటే ఆ ఫొటో అక్కడే ఆగిపోతుంది.

ఎండాకాలం మధ్యాహ్నం ఎంత మంచి లెన్స్ పెట్టినా ఫొటో ముద్దగా వస్తుంది. తప్పు లెన్స్‌ది కాదు. వేడెక్కిన నేల మీద గాలి, పొయ్యి మీది నీళ్లలా కదులుతూ ఉంటుంది. 600 ఎంఎం లెన్స్ దూరాన ఉన్న పిట్టను లాగినట్టే మధ్యలో ఉన్న ఆ కదలికనీ లాగుతుంది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఒక గంట, అంతే పని. మిగతా టైమంతా నీడన కూర్చుని చూడటమే. ఏ కొమ్మ మీదికి ఎప్పుడు వస్తుంది, దిగాక ఎటు తిరుగుతుంది అన్నది ఆ ఖాళీ గంటల్లోనే తెలుస్తుంది.

మబ్బు పట్టిన రోజు ఆకాశం మొత్తం వెలుగును వడగట్టే ఒక పెద్ద తెల్లగుడ్డ. తెల్లకొంగకు అంతకు మించిన రోజు లేదు. నిండు ఎండలో అయితే కెమెరా మీటరు చుట్టూ ఉన్న నల్లటి నీళ్లను చూసి వెలుగు చాలదనుకుంటుంది, ఇంకాస్త పోస్తుంది, ఈకలన్నీ కలిసిపోయి సున్నం కొట్టిన గోడ అవుతాయి. ఒక స్టాపు (వెలుగును సగానికి తగ్గించే మెట్టు), ఒక్కోసారి ఒకటిన్నర తగ్గించుకోవాలి. మబ్బులో ఆ తంటా సగం ఉండదు. వాన మొదలైతే ఇంకో లోకం. షట్టర్ సెకనులో 1/60 వంతు తెరిస్తే చినుకు గీతలా వస్తుంది, 1/1000 దగ్గర చుక్కలా ఆగిపోతుంది. వెనక ముదురు ఆకులు ఉంటేనే రెండూ కనిపిస్తాయి. తడిసిన పిట్ట ఈకలు అట్టలు కట్టి, చిక్కి సగమై, కళ్లు మాత్రమే పెద్దవిగా మిగులుతాయి. అందం లెక్కన అది ఏ పోటీలోనూ నిలబడదు. నాకైతే ఏడాది మొత్తంలో ఆ ఫొటో ఒక్కటే చాలనిపిస్తుంది.

చలిలో పిట్ట ఈకలు ఉబ్బించుకుని బంతిలా కూర్చుంటుంది, ఈకల మధ్య నిలిచిన గాలే దానికి దుప్పటి. ఎండ తగలగానే చాలాసార్లు వీపు ఎండకు పెట్టుకుంటుంది. అంటే వెలుగు కోసం మనం సూర్యుణ్ణి వెనక పెట్టుకుని నిలబడితే మనకు దక్కేది దాని వీపు. గాలిది ఇంకో లెక్క. పక్షి గాలికి ఎదురుగానే లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. పొద్దున తూర్పుగాలి ఉంటే మొహం మీద వెలుగు పడేలా దిగుతుంది. పడమటిగాలి వీచే పొద్దున అన్నీ తోకలే. మంచు పరుచుకున్న నేల మీద, తెల్లటి ఇసుక మీద వెలుగు కింద నుంచి కూడా లేస్తుంది కాబట్టి ఎగిరే పక్షి రెక్కల అడుగుభాగం ఏ ఫ్లాషూ లేకుండానే తేటగా వస్తుంది. ఇవేవీ కొనుక్కుంటే వచ్చేవి కావు. మార్కులు వేసే కాగితంలో వీటికి గడి లేదు.

నాయిస్‌కి మాత్రం గడి ఉంది. ఒక చలికాలం పొద్దున పొగమంచు పల్చబడుతూ ఉంటే నీటిలో మోడు మీద ఒక నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. వెనక సూర్యుడు పాలలో వేసిన నాణెంలా ఉన్నాడు. పక్షి ఫ్రేములో బొటనవేలంత. ఐఎస్ఓ (కెమెరా ఎంత తక్కువ వెలుగులో పనిచేస్తుందో చెప్పే అంకె) 8000, షట్టర్ 1/500. పంపాను. నాయిస్ ఎక్కువ అన్న ఒక్క ముక్కతో మొదటి రౌండులోనే వెనక్కి వచ్చింది. ఐఎస్ఓ 64 మాత్రమే ఉన్న కోడాక్రోమ్ 64 ఫిల్ము రోజుల్లో అదే మంచులో అదే ఎపర్చర్‌తో, అంటే లెన్స్ రంధ్రం అంతే తెరిచి, నిలబడి ఉంటే షట్టర్ పావు సెకను దాకా తెరిచి ఉంచాల్సి వచ్చేది. మసక ఉండేది, లేదంటే ఫొటోనే ఉండేది కాదు. చీకటిలో పనిచేసే కెమెరాలు చేతికి వచ్చిన తర్వాత, చీకటిలో తీసినందుకు ఫొటో తీసేయడం ఏం న్యాయం? ఆ దెబ్బకు భయపడి ఇప్పుడు అందరూ నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్ మీద పడ్డారు. అది గింజల్ని తుడిచే హడావిడిలో కొన్నిసార్లు అక్కడ లేని ఈకల గీతలు కూడా గీసిపెడుతోంది. మీరు ఫొటోను స్క్రీన్ మీద వందశాతానికి పెంచి చూడటం మాని, అచ్చు వేసి గోడకు తగిలించి నాలుగు అడుగుల దూరం నుంచి చూడండి. ఆ గింజలు కనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

గూటి ఫొటోల గురించి ఒక మాట. వీటిని పోటీల నుంచి పూర్తిగా తీసేయమని అడుగుతున్నాను. ఈ మాట అంటే, పక్షి ఫొటోగ్రఫీ పుట్టిందే గూటి దగ్గర కదా అంటారు. నిజమే. ఇంగ్లండ్‌లో రిచర్డ్, చెర్రీ కీర్టన్ అన్నదమ్ములు 1892లో గుడ్లున్న గూటిని ఫొటో తీశారు, 1895లో మొత్తం ఫొటోలతోనే పక్షి గూళ్ల పుస్తకం తెచ్చారు. పక్షులు బెదరకుండా ఎద్దు తోలుతో బోలు బొమ్మ చేయించుకుని, అందులో దూరి తీశారు. ఎరిక్ హాస్కింగ్ 1937లో గుడ్లగూబ గూటి దగ్గర తన హైడ్‌లోకి (దాక్కుని ఫొటోలు తీసే చాటులోకి) ఎక్కబోతూ ఒక కన్ను పోగొట్టుకున్నాడు. గుడ్లగూబ వైపు నుంచి చూస్తే ఆ దెబ్బలో తప్పు వెతకలేం. వాళ్ల కాలంలో లెన్స్ పొట్టి, ఫొటో పడే గాజుప్లేటు మందకొడి, పక్షి కదలకుండా ఉండే చోటు గూడు ఒక్కటే. మనకు ఆ ఇబ్బంది లేదు.

ఒక గూటి ఫొటో ముందు నేను ఎప్పుడూ తల వంచుతాను. కుచ్చు ఈకల కోసం, అంటే ఆడవాళ్ల టోపీల కోసం, ఒకప్పుడు కొంగల్ని గూళ్ల మీదే కాల్చి చంపేవారు. ఆ టోపీల మీద కోపంతోనే 1889లో ఇంగ్లండ్‌లో, 1896లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఆడవాళ్లే పూనుకుని పక్షుల రక్షణ సంఘాలు పెట్టారు. 1906లో ఆస్ట్రేలియాలో ఆర్థర్ మాటింగ్లీ, తల్లులు చనిపోయి గూళ్లలో ఆకలితో తలలు వాల్చేసిన కొంగపిల్లల్ని ఫొటోలు తీశాడు. వాటిని పెద్దవి చేసి 1911లో లండన్ వీధుల్లో అట్టల మీద ఊరేగించారు. గూటి ఫొటో తీయాల్సిన అవసరం అలాంటప్పుడు ఉంటుంది. ఆయన వాటిని పతకం కోసం తీయలేదు. పరిశోధకులకు, పక్షుల్ని లెక్కపెట్టేవాళ్లకు గూటి ఫొటో కావాలంటే తీసుకోనివ్వండి, వాళ్లకు బహుమతి ఇవ్వనంత మాత్రాన వాళ్ల పని ఆగదు. మాలాంటివాళ్లను గూటి దగ్గరికి పంపేది మాత్రం బహుమతే.

మీరు కఠినంగా ఉండలేరని నేను అనుకోను. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే పోటీలో 2009లో గెలిచిన తోడేలు ఫొటోకి, అది మచ్చిక చేసిన తోడేలు అయ్యే అవకాశం ఎక్కువని తేల్చి, 2010లో బహుమతి రద్దు చేశారు. 2018లో అదే పోటీ ఇంకో ఫొటోను తీసేసింది. అందులో చెదల పుట్ట దగ్గర నిలబడ్డ జంతువు, చచ్చినదాన్ని కూరి నిలబెట్టిన బొమ్మేనని నిపుణులు దాదాపు ఖాయంగా చెప్పారు. అంటే వెతకాలనుకుంటే దొరుకుతుంది. నేను పంపిన ఫొటో చూసి నా పికిలిపిట్ట గుట్టు మాత్రం ఏ నిపుణుడికీ దొరికేది కాదు. పిట్ట నిజం, గూడు నిజం, ఎండ నిజం. సహజమైన వెలుగులో తీసిన ఫొటో అని ఫారం మీద రాశాను, అదీ నిజమే. రెమ్మ ఒక్కటే దాని చోట లేదు.

అందుకే రా ఫైలు, అంటే కెమెరాలోంచి దిద్దకుండా వచ్చిన ఫైలు, ఒక్కటి అడిగి ఊరుకోకండి. దానికి ముందు తీసినవి పది, వెనక తీసినవి పది అడగండి. ఫొటోతో పాటు తేదీ, గంట, వెలుగు ఎటు నుంచి పడింది, ఎంతసేపు అక్కడ ఉన్నారు అని నాలుగు ప్రశ్నలు వేయండి. అబద్ధం రాసేవాళ్లు రాస్తారు, కానీ నలభై నిమిషాలు అని చేత్తో రాయాల్సి వస్తే కొంతమంది చెయ్యి ఆగుతుంది. నాది ఆగేది.

ఇంకొకటి, ఇది మాత్రం కోరిక. ఒక కొత్త విభాగం పెట్టండి. ఒకే చోటు, ఒకే రకం పక్షి, ఒక ఏడాది, కాలానికి ఒక ఫొటో చొప్పున. ఫ్లాష్ వద్దు, మేత వద్దు, కూత మోగించడం వద్దు, గూడు వద్దు. పక్షి చిన్నగా ఉన్నా సరే, తడిసి ఉన్నా, ఈకలు రాలి ఉన్నా సరే. దానికి వచ్చే ఎంట్రీలు తక్కువే ఉంటాయి, ఏడాది కాచుకోవాలి కదా. స్పాన్సర్లు పెదవి విరుస్తారు. అయినా పెట్టి చూడండి. ఒక్క పిట్టను నాలుగు కాలాలు తీసినవాడు రెండో కాలానికల్లా దాని దగ్గరికి వెళ్లడం తగ్గించేస్తాడు. ఎక్కడ కూర్చుంటే అదే తన దగ్గరికి వస్తుందో అప్పటికి తెలిసిపోతుంది.

ఆ పతకాన్ని ఇచ్చినవాళ్లకే పంపేశాను. నా పేరు జాబితాలోంచి తీసేయమని అడిగాను. దాంతో పాటు ఆ పొద్దున తీసిన ఫ్రేములన్నీ, క్రాప్ చేయకుండా, వరసగా పెట్టి పంపాను. గెలిచిన ఫొటో పదిహేడోది. మీలో ఎవరైనా అడిగితే మీకూ పంపుతాను, మీ దగ్గర కొత్తగా జడ్జీలుగా చేరేవాళ్లకు చూపించుకోవచ్చు. పదిహేడో ఫ్రేము ఎడమ అంచున, నేను క్రాప్‌లో తీసేసిన ముక్కలో, దారం ముడి స్పష్టంగా కనిపిస్తుంది. ఎండ దాని మీద కూడా చక్కగానే పడింది.

ఇట్లు,
మీ పోటీల్లో ఒకసారి గెలిచినవాడు